పూతల పొత్తు: కిన్నాళ కొయ్యబొమ్మ చెప్పే చరిత్ర

రంగు వేసిన కొయ్యబొమ్మ గురించి రాసేవాళ్లలో చాలామంది రంగు గురించే రాస్తారు. ఎరుపు ఎంత నిండుగా ఉందో, నగల గీతలు ఎంత సన్నగా దిగాయో చెబుతారు. ఆ వెంటనే ఒక విచారం వినిపిస్తుంది: పూర్వం ఆకుపసర్లు, రాళ్ల పొడులు వాడేవారు, ఇప్పుడు బజారు డబ్బాలు వచ్చాయి, కళ పోయింది అని. వినడానికి ఇది నిజంలాగే ఉంటుంది. కానీ బొమ్మను చేతిలోకి తీసుకుని, రంగు ఊడిన చోట జాగ్రత్తగా చూస్తే కథ మరోలా కనిపిస్తుంది. ఏ పూత మీద ఏ పూత నిలుస్తుంది, ఏది దేన్ని కరిగిస్తుంది, ఏది పూర్తిగా ఆరాకే తర్వాతిది వేయాలి అన్న తెలివే ఆ వృత్తికి అసలు ఆస్తి. రంగులు ఎన్నిసార్లయినా మారవచ్చు. పూతల మధ్య పొత్తు కుదిరినంతకాలం బొమ్మ నిలుస్తుంది. పొత్తు చెడితే ఎంత గొప్ప రంగైనా పెచ్చులుగా రాలిపోతుంది. ఈ మాటకు నాకు తెలిసిన మంచి సాక్ష్యం, ఒకప్పటి రాయచూరు జిల్లాలోని కిన్నాళ.

ఒకప్పటి అని ఎందుకు అనాల్సి వచ్చిందంటే, 1997లో రాయచూరును విడదీసి కొప్పళ జిల్లాను చేసినప్పుడు కిన్నాళ కొత్త జిల్లాలోకి వెళ్లింది. కొప్పళ పట్టణానికి సుమారు 13 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు. దాని వెనకటి చరిత్ర మాత్రం రాయచూరుతోనూ, ఆ దారిన హైదరాబాదుతోనూ ముడిపడి ఉంది. 1905లో లింగసుగూరు జిల్లాను రద్దు చేసి అందులో కొంత భాగాన్ని రాయచూరులో కలిపారు. కొప్పళ ప్రాంతం సాలార్‌జంగ్ కుటుంబపు జాగీరు. 1956 నవంబరు 1 వరకు ఇదంతా హైదరాబాదు రాష్ట్రమే. అంటే కిన్నాళలో ఈ బొమ్మలు చేసే చిత్రగారులు, నిర్మల్ నకాషీలు, చేర్యాల చిత్రకారులు చాలాకాలం ఒకే ప్రభుత్వం కింద బతికినవాళ్లు. ఇంకా వెనక్కి వెళితే, రాయచూరు కోటలో కాకతీయుల సామంతుడు గోరె గంగయ్య రెడ్డి పేరుతో 1294 నాటి శాసనం ఉంది. ఈమధ్యకు వస్తే, 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయ్యాక ఎడమ కాలువ కింద గంగావతి, సింధనూరు, మాన్వి తాలూకాల్లో కోస్తా రైతుల క్యాంపులు వెలిశాయి. కిన్నాళ కన్నడ ఊరే. అయినా ఆ బొమ్మ తెలుగు పాఠకుడికి పరాయిది కాదు. కొండపల్లి బొమ్మ పట్టుకున్న చేయి దాన్ని తేలిగ్గా గుర్తుపడుతుంది.

కిన్నాళ పనిని వరసగా చూద్దాం, ఎందుకంటే నా వాదనకు ఆధారం ఆ వరసలోనే ఉంది. తేలికపాటి మెత్తని కొయ్యను భాగాలు భాగాలుగా చెక్కుతారు. గరుడుడి బొమ్మకు 12 భాగాలు, సింహాసనం మీది వినాయకుడికి 22 భాగాలు అవసరమవుతాయని లెక్క చెబుతారు. భాగాలను చింతగింజల జిగురుతో అతికిస్తారు. గోనె పీలికలను నానబెట్టి, ముక్కలు చేసి, ఎండబెట్టి, పొడిచేసి, రంపపు పొట్టుతోనూ చింతగింజల ముద్దతోనూ కలుపుతారు. దీన్ని అక్కడ కిట్ట అంటారు. కొండపల్లిలో మక్కు అనే ముద్ద చేసే పని ఇక్కడ కిట్ట చేస్తుంది. కిట్టను చేత్తో బొమ్మంతా మెత్తుతారు. అది ఆరాక చిన్న చిన్న నూలుగుడ్డ ముక్కలను చింత జిగురుతోనే దాని మీద అంటిస్తారు. గుడ్డ మీద, గులకరాళ్లను మెత్తగా నూరి చేసిన ముద్దను పూస్తారు. ఈ తెల్లని నునుపు పూత మీదే రంగు పడుతుంది. అదే రాతిపొడి ముద్దలో జిగురు పాలు పెంచి హారాలు, కిరీటాలు ఉబ్బెత్తుగా తీరుస్తారు. కొయ్య, కిట్ట, గుడ్డ, రాతిముద్ద, ఆపైన రంగు: రంగు అయిదో అంతస్తు.

ఈ అయిదింటిలో మొదటి నాలుగింటినీ కలిపి ఉంచేది నీటితో కలిపే జిగురే. ఇది తేలిగ్గా దాటిపోవలసిన సంగతి కాదు. చింతపండు గుజ్జులో పులుపు ఉంటుంది, ఇత్తడిని తోమగలిగినంత ఆమ్లం. గింజలోని పప్పు అలాంటిది కాదు. గింజలను వేయించి, పొట్టు తీసి, పిండి చేసి నీళ్లలో ఉడికిస్తే చిక్కటి జిగురు వస్తుంది. అది ఆరేది కేవలం నీరు ఆవిరైపోవడం వల్ల. ఆరిన తర్వాత కూడా తడి తగిలితే మెత్తబడుతుంది. లోపంలా కనిపించే ఈ గుణమే కింది పూతను పై పూతకు కట్టేస్తుంది. కిట్ట మీద గుడ్డ అంటించేటప్పుడు జిగురులోని నీరు కిట్ట పైపొరను కొంచెం నానబెడుతుంది, రెండూ ఒకదానిలోకి ఒకటి దిగుతాయి, కలిసి ఆరుతాయి. అలాగని మరీ ఎక్కువ నీరు పోస్తే కింది పూత లేచివస్తుంది. అందుకే ఒక్కో పూత పూర్తిగా ఆరేదాకా ఆగాలి, తర్వాతి ముద్ద మరీ పల్చగా ఉండకూడదు. రాయచూరు సీమలో ఏడాదికి పడే వాన 600 మిల్లీమీటర్లకు అటూఇటూ. ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది. నీటి జిగురుతో పనిచేసేవాడికి ఇంతకంటే అనువైన గాలి దొరకదు.

నూలుగుడ్డ సంగతి ఇంకా ముఖ్యం. కొయ్య ప్రాణం పోయాక కూడా కదులుతూనే ఉంటుంది. వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుపోతుంది. 22 భాగాల బొమ్మలో ఒక్కో భాగం నార ఒక్కో దిక్కుకు ఉంటుంది గనుక ఒక్కోటి ఒక్కో తీరుగా కదులుతుంది. ఆ అతుకుల మీద రాతిముద్దను నేరుగా పూస్తే ఏడాది తిరక్కుండా అతుకు వెంబడే బీట పడుతుంది. గుడ్డ ఆ లాగుడును కొంచెం కొంచెంగా చుట్టుపక్కలకు పంచుతుంది. ఇటలీలో చెన్నీనో చెన్నీని తన చిత్రకళా గ్రంథంలో, కొయ్యపలక మీద జిగురులో తడిపిన నారగుడ్డను అంటించి, దాని మీద జిప్సంతో చేసిన తెల్లని పూత వేయమని చెప్పాడు. ప్రాచీన ఈజిప్టులో శవపేటికల మీద కూడా గుడ్డ, తెల్లపూత, ఆపైన రంగు అన్న వరసే ఉంది. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారన్న ప్రశ్న ఇక్కడ అక్కర్లేదు. కదిలే కొయ్య మీద కదలని రంగు నిలపాలంటే మధ్యలో సర్దుబాటు చేసే పొర ఉండాలన్న అవసరం మూడుచోట్లా ఒకే పరిష్కారానికి దారితీసింది.

రంగు దశలో కిన్నాళకు పేరు తెచ్చిన పని లాజవార. తగరాన్ని మెత్తని పొడిగా చేసి, జిగురులో కలిపి, నగలు ఉబ్బెత్తుగా తీర్చిన చోట్ల పూసి, ఆరాక నున్నటి రాయితో రుద్దుతారు. వెండిలా మెరుస్తుంది. దాని మీద పసుపు వన్నె వార్నిష్ వేస్తే బంగారంలా కనిపిస్తుంది. ఇక్కడ పూతల పొత్తు ఎంత సూక్ష్మంగా ఉందో గమనించండి. రాయితో రుద్దే ఒత్తిడిని తట్టుకోవాలంటే కింది రాతిముద్ద గట్టిగా, నున్నగా ఉండాలి; కిట్ట మీద నేరుగా పూస్తే మెరుపు రాదు. రుద్దడం ముగిశాకే వార్నిష్ వేయాలి, ముందే వేస్తే రాయి దానిమీద జారుతుంది తప్ప తగరాన్ని తాకదు. నూనెతోనో స్పిరిట్‌తోనో చేసే వార్నిష్ నీటి జిగురును కరిగించదు, అందువల్ల తగరం కదలకుండా ఉంటుంది. నీళ్లలో కలిపిన పసుపు రంగును ఎత్తి పూస్తే తగరమంతా చెదిరిపోయేది. ఒక పూతను కరిగించే ద్రవాన్ని దాని పై పూతలో వాడకూడదన్న నియమం ఈ ఒక్క పనిలో స్పష్టంగా కనిపిస్తుంది.

ఇదే నియమాన్ని నేటి ప్లాస్టిక్ నమూనాల కళాకారులు వేరే దారిలో పాటిస్తున్నారు. యుద్ధట్యాంకులు, విమానాలు, రైలింజన్ల చిన్న నమూనాలు చేసి, వాటికి తుప్పు, మసి, దుమ్ము, వానచారలు పట్టినట్టు రంగులు దిద్దడం ఇప్పుడు ప్రపంచమంతా ఉన్న కళ. వాళ్లు మూలరంగును ఆక్రిలిక్‌తో వేసి, పూర్తిగా ఆరనిస్తారు. దానిమీద పల్చటి ఎనామెల్‌ను వైట్ స్పిరిట్‌లో కలిపి పోస్తారు. దాన్ని వాష్ అంటారు. అది గాడుల్లోకి, మేకుల చుట్టూ పారి నీడలా నిలుస్తుంది. ఎక్కువైనచోట వైట్ స్పిరిట్ తడిపిన కుంచెతో తుడిచేస్తారు. ఆరిన ఆక్రిలిక్‌ను వైట్ స్పిరిట్ తాకదు కాబట్టే ఈ పని సాగుతుంది. మూలరంగే ఎనామెల్ అయి, ఇంకా గట్టిపడకపోతే, వాష్ దాన్నీ లేపుకుపోతుంది. అందుకు మధ్యలో మెరుపు వార్నిష్ ఒకటి అడ్డుపొరగా వేస్తారు. లాక్కర్ థిన్నర్ అయితే ఆక్రిలిక్‌నే కాదు, లోపలి ప్లాస్టిక్‌నూ కొరుకుతుంది. ఇక్కడ తగరం మీది వార్నిష్‌కూ అక్కడ ఆక్రిలిక్ మీది వాష్‌కూ ఆధారం ఒకటే లెక్క. ఒకరు కొత్త బొమ్మను పాతబడకుండా కాపాడాలనుకుంటారు, మరొకరు కొత్తదాన్ని పాతదిగా చూపాలనుకుంటారు. ఉద్దేశాలు ఎదురెదురు, నియమంలో మాత్రం తేడా లేదు.

ఇక మార్పు సంగతి. ఇరవయ్యో శతాబ్దంలో డబ్బా రంగులు పల్లెదాకా వచ్చాయి. 1923లో అమెరికా కంపెనీ డ్యూపాంట్ కార్ల కోసం డ్యూకో అనే నైట్రోసెల్యులోజ్ లాక్కర్ తెచ్చింది. ఆ పేరు మన ఊళ్లలో స్ప్రే రంగులన్నింటికీ స్థిరపడిపోయింది. ఎనామెల్ గోడలకు, తలుపులకు వచ్చింది, అక్కడినుంచి బొమ్మలకు చేరింది. దాన్ని ఎంచుకోవడానికి బలమైన కారణాలున్నాయి. మెరుస్తుంది, తడిగుడ్డతో తుడవొచ్చు, నూరే పని లేదు, కొనేవాడికి నచ్చుతుంది. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, పైన ఎనామెల్ వచ్చింది కానీ కింద చింతగింజల లోకం అలాగే ఉండిపోయింది. రాతిముద్ద ఎనామెల్‌లోని నూనెను పీల్చేసుకుంటుంది, పైన రంగు పాలిపోతుంది. దాన్ని సరిదిద్దడానికి రెండో పూత, మూడో పూత వేస్తారు. చెక్కిన కన్ను, ముక్కు మొనదేలడం పోయి మొద్దుబారతాయి. ఎనామెల్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ పెళుసెక్కుతుంది. లోపలి జిగురు మాత్రం ప్రతి వానాకాలం ఉబ్బుతుంది. బొమ్మ అడుగునుంచి, అతుకుల్లోంచి ఎక్కిన చెమ్మ పైనున్న బిగుతైన పొరను దాటి తేలిగ్గా బయటికి పోలేదు. చివరికి పెచ్చు లేస్తుంది. అలాంటి పెచ్చును వెనక్కి తిప్పి చూడండి. వెనక తెల్లని పొడి అంటుకుని ఉంటే రంగు తన పట్టు విడవలేదన్నమాట, కిందిపూతే విరిగింది. వెనక శుభ్రంగా ఉంటే రంగు మొదటినుంచీ పట్టుకోనేలేదు. రెండూ వేర్వేరు జబ్బులు. రెండింటినీ కలిపి కళ పోయింది అనేస్తే ఏ మందూ దొరకదు.

తెలుగు నేల మీది మూడు వృత్తులు ఈ వాదనను పరీక్షించడానికి పనికొస్తాయి. నిర్మల్ చిత్రాల్లో డ్యూకో రంగులు బాగా నిలిచాయి. అక్కడ పైరంగుతోపాటు కిందిపూతా మారింది: పలకకు లప్పం పెట్టి, మళ్లీ మళ్లీ సాండ్‌పేపర్ పట్టి, నేల రంగును స్ప్రే చేస్తారు. పొత్తు కొత్తదే గానీ కుదిరింది. ఏటికొప్పాకలో దారే వేరు. అంకుడు కర్రను తరిమెన మీద తిప్పుతూ లక్కకడ్డీని ఆనిస్తారు, రాపిడి వేడికి లక్క కరిగి కర్రకే పట్టుకుంటుంది. మధ్యలో జిగురు పూతలే ఉండవు, పొత్తు చెడే సందూ తక్కువే. అక్కడ సహజ రంగులను తిరిగి తెచ్చిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. ఆ ప్రయత్నం నెగ్గడానికి ఒక కారణం, అది రంగుపొడిని మార్చిందే కానీ లక్కను మార్చలేదు. కొండపల్లి ఈ రెండింటికీ మధ్య ఉంది. తెల్ల పొనికి, మక్కు, సున్నపు పూత పాతవే. పైన నీటిరంగులు, నూనెరంగులు, ఎనామెల్, మొక్కల రంగులు అన్నీ చలామణిలో ఉన్నాయి. కిన్నాళ పరిస్థితికి దగ్గరిది ఇదే. రంగు మారడమే పతనానికి మూలమైతే నిర్మల్ అందరికంటే ముందు పడిపోవాలి. అలా జరగలేదు.

దీనికి ఎదురు చెప్పేవాళ్లు ఉంటారు. మొదటి మాట: చిత్రగారులకు ఇంత సిద్ధాంతం ఎక్కడిది, దొరికింది వాడారు, అంతే కదా అని. దొరికింది వాడారన్నది నిజమే. గోనె, పొట్టు, గులకరాయి, చింతగింజ అన్నీ చేతికందేవే. కానీ దొరికినవాటిని ఏ వరసలో పేర్చాలన్నది దొరికేది కాదు. గుడ్డ కిట్ట కింద కాకుండా పైన ఎందుకుంది? రాతిముద్ద నగలకు ఒక పాకంలో, ఒంటికి ఇంకో పాకంలో ఎందుకు? ఇవి ఎన్నో బొమ్మలు పాడయ్యాక తేలిన సంగతులై ఉంటాయి. కాగితం మీద రాయకపోయినా అది శాస్త్రమే, దాన్ని నిలబెట్టింది ఒక కులం ఇళ్లలోని శిక్షణ. ఆ కట్టుబాటుకు తన ఇబ్బందులున్నాయి: బయటివాళ్లకు నేర్పరు, మార్పును త్వరగా ఒప్పుకోరు. కొత్త రంగు వచ్చినప్పుడు దాన్ని అడుగునుంచి పరీక్షించే అలవాటు లేకపోవడం ఆ ఇబ్బందుల్లో ఒకటి.

రెండో మాట సహజ రంగుల పక్షంవాళ్లది: డబ్బాలు పారేసి పాతవాటికి వెళితే అన్నీ సర్దుకుంటాయి కదా అని. ఒంటికి, పర్యావరణానికి మేలన్న వరకు నేనూ ఒప్పుకుంటాను, అదీ కొన్ని రంగుల విషయంలోనే. పాత రంగులన్నీ సాధువులు కావు. హరితాళంలో ఆర్సెనిక్ ఉంది, ఇంగిలీకంలో పాదరసం ఉంది. హరితాళాన్ని సీసపు తెలుపుతో కలిపితే నల్లబడుతుంది. పసుపుకొమ్ము రంగు ఎండలో కొద్ది రోజుల్లోనే వెలిసిపోతుంది. పొత్తు కుదరని సహజ రంగు, పొత్తు కుదరని డబ్బా రంగు బొమ్మకు చేసే చేటు ఒకటే. ఎర్రమట్టి, పచ్చమట్టి, కాటుక, సుద్ద వంటివి ఎక్కడైనా నిలుస్తాయి. వాటిని మెచ్చుకోవాల్సింది ప్రకృతి బిడ్డలని కాదు, రసాయనికంగా నెమ్మదస్తులు కాబట్టి.

చిత్రగారులు తమ వంశం హంపీదని చెప్పుకునే మాట కూడా ఇక్కడే తూచాలి. విరూపాక్షాలయం కప్పు మీది చిత్రాలు, అక్కడి కొయ్యరథం పనితనం తమ పూర్వీకులవేనని చిత్రగారుల నమ్మకం. ఒక ఇంట్లో దొరికిన పాత కాగితపు నమూనాలను అందుకు రుజువుగా చూపుతారు. నమూనా కాగితాలు బొమ్మల రూపురేఖలు చేతులు మారిన తీరును చూపగలవు, వంశాన్ని నిరూపించలేవు. అయితే ఆ నమ్మకం నిజమైన పక్షంలో ఒక పెద్ద సంగతి తేలుతుంది. దేవాలయం కప్పు సున్నపు గార. సున్నం క్షారం, ఎన్నో రంగులను తినేస్తుంది. అందుకే లేపాక్షిలో పదహారో శతాబ్దపు చిత్రకారులు మట్టిరంగుల మీదే ఎక్కువ ఆధారపడ్డారు. 1565లో విజయనగరం కూలాక పోషకులు చెదిరిపోయి, గోడ నుంచి కొయ్యకు మారినవాళ్లు రూపాలను వెంట తెచ్చుకోగలిగారు కానీ గారను తెచ్చుకోలేకపోయారు. కొత్త ఆధారానికి కొత్త అడుగుపూతలను కట్టుకోవాల్సి వచ్చింది. ఆ లెక్కన కిన్నాళ సంప్రదాయం ఒకసారి ఇప్పటికే పెద్ద మార్పును గెలిచి వచ్చిందన్నమాట. ఎనామెల్ కాలంలో మళ్లీ గెలవలేకపోవడానికి రంగు కారణం కాదు, అడుగు నుంచి ఆలోచించేంత తీరికా ఆదాయమూ ఆ ఇళ్లలో మిగలకపోవడం కారణమని నా నిర్ణయం.

కిన్నాళ బొమ్మకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, కొండపల్లికీ నిర్మల్‌కూ ఉంది. ఆ గుర్తింపు ఊరి పేరును కాపాడుతుంది, పూతల వరసను కాపాడదు. శిక్షణ ఇచ్చే సంస్థలు రంగుల డబ్బాలతోపాటు రెండు పరీక్షలు నేర్పితే చాలు: కిందిపూత మీద కొత్త రంగు చుక్క వేసి మర్నాడు గోరుతో గీకి చూడటం, కొత్త థిన్నర్‌లో తడిపిన దూదితో పాత పూతను తుడిచి దూదికి రంగు అంటిందేమో చూడటం. ఎనామెలే కావాలంటే రాతిముద్ద మీద నూనె పీల్చకుండా అడ్డుపొర ఒకటి వేయడం నేర్పాలి. దేవాలయాల పాలకులకు నాదొక విన్నపం. ఉత్సవాలు దగ్గరపడగానే గరుడ, హంస, సింహ వాహనాల మీద పాత పూతను చూడకుండా ఎనామెల్ కొట్టించే అలవాటు రాయచూరు నుంచి రాజమండ్రి దాకా ఉంది. ఈసారి కుంచె పట్టించే ముందు ఒక పెచ్చు తీసి దాని వెనకవైపు చూడండి, చూడటం తెలిసిన చిత్రగారుణ్ని పిలిచి అతని మాట విన్నాకే రంగు కొనండి.